కాశీకి వెళుతున్నారా? ఈ నాలుగు మాటలు విని వెళ్ళండి

‘కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానం’ అనేవారు మన తాతలు. అందులో అతిశయోక్తి ఏమీ లేదు. 1830 మే నెలలో ఏనుగుల వీరాస్వామయ్యగారు సుమారు వందమంది పరివారంతో మద్రాసు నుంచి కాశీయాత్రకు బయలుదేరి, తిరిగి ఇల్లు చేరేసరికి పదిహేను నెలలు పట్టింది. ఇప్పుడు విజయవాడలో రైలెక్కితే ఒక పగలూ ఒక రాత్రీ దాటి కాస్తంత సేపటికి గంగ దగ్గరికి చేరతాం. మా గన్నవరంలో విమానమెక్కి, మధ్యలో మరో విమానం మారితే చీకటి పడేలోపే గంగాహారతి చూడవచ్చు.

దారి సులువైంది, నిజమే. కాని బయలుదేరే మనిషి సంగతి? డెబ్బై ఏళ్ళ వయసు, రక్తపుపోటు, షుగరు, మోకాళ్ళ నొప్పులు. వీటన్నిటితో సహా కదా ప్రయాణం!

ఒక హెడ్మాస్టరుగారి కథ

కొన్నేళ్ళ కిందటి మాట. మా ఊరికి దగ్గర పల్లెలో రిటైరైన హెడ్మాస్టరుగారు, పదిహేనేళ్ళుగా చక్కెర వ్యాధి ఉన్నవారు, భార్యాపిల్లలతో కాశీ వెళ్ళారు. పితృకార్యం రోజున ఉపవాసం ఉన్నారు. ‘మాత్ర మాత్రం మానకూడదు’ అన్న నా మాట గుర్తుంచుకుని, తెల్లవారుజామునే పరగడుపున షుగరు మాత్ర వేసుకున్నారు. పిండప్రదానం ముగిసేసరికి ఒంటిగంట. అప్పటికే ఒళ్ళంతా చెమటలు, చేతులు వణుకు, మాట తడబాటు. మెట్లమీదే కూలబడ్డారు.

చుట్టూ చేరినవారు ‘ఎంత పుణ్యాత్ముడో!’ అని చేతులు జోడించారట. కాశీలో పోతే మోక్షమని కదా మన నమ్మకం. ఇంటావిడ కూడా గంగనీళ్ళు నోట్లో పోయబోయారు. ఇంతలో ఒక పడవవాడు మనిషి వాలకం చూసి, ‘షుగర్ హై క్యా?’ అని అడిగి, పక్క టీ కొట్టులోంచి చక్కెర తెచ్చి నీళ్ళలో కలిపించాడు. ఆయన ఇంకా గుటక వేయగలిగే స్థితిలో ఉన్నారు కాబట్టి తాగారు. పావుగంటలో తేరుకుని, ‘కార్యం పూర్తయిందా?’ అని అడిగారట.

ఇక్కడ తప్పు ఎవరిదంటారా? సగం నాది. బయలుదేరే ముందు ఆయన్ని పరీక్ష చేసింది నేనే. రక్తపుపోటు చూశాను, నెలకు సరిపడా మాత్రలు రాశాను. ‘అక్కడ ఉపవాసాలేమైనా ఉన్నాయా మాస్టారూ?’ అని ఒక్క ముక్క అడగలేదు. అప్పటినుంచి కాశీ అనే మాట వినబడితే మొదట అదే అడుగుతున్నాను. మీ డాక్టరు అడక్కపోతే మీరే చెప్పండి. ఉపవాసం రోజున ఏ మాత్ర, ఎంత, ఎప్పుడు వేసుకోవాలో ఆయనచేత కాగితం మీద రాయించుకోండి. సొంతంగా మానవద్దు, సొంతంగా వేసుకోవద్దు.

చెమట, వణుకు, తికమక కనిపిస్తే షుగరు పడిపోయిందేమోనని అనుమానించాలి. మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించండి. స్పృహ పూర్తిగా తప్పినవారి నోట్లో మాత్రం గంగనీళ్ళయినా సరే పోయకూడదు. అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పక్కకు తిప్పి పడుకోబెట్టి, 108కి ఫోను చేయండి. ఆ నంబరు ఉత్తరప్రదేశ్‌లోనూ పనిచేస్తుంది. అయితే కాశీ సందుల్లోకి బండి రాదు. కనుక పెద్ద రోడ్డుకు దగ్గరగా ఉండే బస చూసుకోవడం మేలు.

ఎప్పుడు వెళ్ళాలి?

అక్టోబరు, నవంబరు, ఫిబ్రవరి, మార్చి మంచి నెలలు. మే, జూన్‌లలో అక్కడ వీచే వేడిగాలి మన విజయవాడ ఎండను తలదన్నుతుంది. వానాకాలంలో గంగ పొంగి మెట్లు మునుగుతాయి. డిసెంబరు, జనవరి చలి మన డెల్టా వారికి బొత్తిగా అలవాటు లేనిది. చలికి రక్తనాళాలు బిగుసుకుని రక్తపుపోటు పెరుగుతుంది. గుండె జబ్బు, ఉబ్బసం ఉన్నవారు ఆ రోజుల్లో తెల్లవారుజాము చన్నీటి స్నానం జోలికి పోవద్దు. ఎండ వచ్చాక చేసినా గంగాస్నానమే!

నెల ముందునుంచే...

రోజూ సాయంత్రం కాలవ గట్టున నడవండి. రెండు కిలోమీటర్లు ఆయాసం లేకుండా నడవలేనివారు, మెట్లెక్కితే గుండెల్లో పట్టేసినట్టుండేవారు ముందు పరీక్ష చేయించుకోండి. ఈమధ్యే గుండెపోటు వచ్చినవారు, స్టెంటు వేయించుకున్నవారు డాక్టరు సరే అనందే కదలవద్దు. టైఫాయిడ్ టీకా వేయించుకునేట్టయితే కనీసం రెండు వారాల ముందే వేయించుకోవాలి.

మందులు రెండు భాగాలు చేసి ఒకటి చేతిసంచిలో, ఒకటి పెట్టెలో పెట్టండి. ఇన్సులిన్ మాత్రం చేతిసంచిలోనే ఉండాలి, ఐసుకు తగలకూడదు. పెద్దవారి జేబులో పేరు, జబ్బు, వేసుకునే మందులు, ఇంటివారి ఫోను నంబరు రాసిన చీటీ ఉంచండి. ఆ జనంలో తప్పిపోతే ఆ చీటీయే వారి తరఫున హిందీలో మాట్లాడుతుంది.

ఆడవారికి ఒక మాట. రైల్లో దొడ్డికి వెళ్ళవలసి వస్తుందని మంచినీళ్ళు మానేస్తారు. ఊరు చేరేసరికి మూత్రంలో మంట, చలిజ్వరం. దయచేసి నీళ్ళు తాగండి. రెండు గంటలకోసారి లేచి నాలుగడుగులు వేయండి.

తిండి, తీర్థం

గంగలో మునగండి, మింగకండి. భక్తికి నేను అడ్డురాను గాని నీళ్ళవిరేచనాలు, టైఫాయిడ్, కామెర్లు నీటిద్వారానే వస్తాయని చెప్పక తప్పదు. కాచిన నీళ్ళు గాని మూత సీలు ఉన్న సీసా నీళ్ళు గాని తాగండి. కచోరీ, జిలేబీ వేడివేడిగా కళ్ళముందు వేయించినవి తినండి. ఠండాయిలో భంగు కలిపేదీ ఉంటుంది, కలపనిదీ ఉంటుంది. అడిగి మరీ తాగండి. విరేచనాలు పట్టుకుంటే ఓఆర్‌ఎస్ పొట్లం, అది లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు చెంచాల చక్కెర, అరచెంచా ఉప్పు. చెంచా తలకొట్టి కొలవాలి.

దుర్గాకుండ్, సంకటమోచన్ ఆలయాల దగ్గర కోతులుంటాయి. కోతిగాని కుక్కగాని కరిస్తే పదిహేను నిమిషాలు సబ్బుతో కడిగి, ఆ రోజే టీకా మొదలుపెట్టాలి.

తీరిగ్గా చూడవలసిన ఊరు

కాశీ అంటే విశ్వనాథుడి గుడి ఒక్కటే కాదు. కేదారఘాట్, హనుమాన్‌ఘాట్ వైపు మన దక్షిణాదివారు, బెంగాలీటోలాలో వంగదేశీయులు, మదన్‌పురాలో చీరలు నేసే ముస్లిం సోదరులు, లలితాఘాట్‌లో నేపాలీ ఆలయం, పది కిలోమీటర్ల దూరంలో బుద్ధుడు మొదటి ఉపదేశం చేసిన సారనాథ్! బిస్మిల్లాఖాన్ షెహనాయి ఊదిన ఊరది. ఇంతటి ఊరిని ఒక్కరోజులో ముగించి, మర్నాడు ప్రయాగ, ఎల్లుండి గయ అని పరుగులు పెడితే చూసేదేమిటి, ముసలి ప్రాణాలు తట్టుకునేదేమిటి? చేరిన రోజు విశ్రాంతి. రెండోరోజు దర్శనాలు, మధ్యాహ్నం నిద్ర. మూడోరోజు సారనాథ్. సాయంత్రాలు పడవమీద. నాలుగోనాడు గాని మరో ఊరి మాట ఎత్తకండి.

చివరగా, కాశీలో ఇష్టమైనదేదో ఒకటి వదలాలంటారు. చాలామంది కాకరకాయ వదిలి వస్తుంటారు, అది వారికెప్పుడూ ఇష్టం లేదనుకోండి! మన హెడ్మాస్టరుగారు నలభై ఏళ్ళ చుట్ట వదిలి వచ్చారు. మీరూ అలాంటిదేదైనా వదలండి. మందులు మాత్రం వదలకండి.