నేలకు, నీటికి లెక్క కట్టే చదువు
పర్యావరణ, సహజ వనరుల ఆర్థికశాస్త్రంలో పీజీ ఎవరికి నప్పుతుంది? ఎక్కడ చదవాలి?

ముందు ఓ చిన్న లెక్క చేద్దాం. 2015లో అమరావతి రాజధాని కోసం భూసమీకరణ జరిగింది. భూమి ఇచ్చిన రైతుకు అభివృద్ధి చేసిన ప్లాట్లతో పాటు పదేళ్లు ఏటా కౌలు చెల్లిస్తామన్నారు. మెట్ట ఎకరానికి రూ.30 వేలు, జరీబు ఎకరానికి రూ.50 వేలు. మెట్టకు ఏటా రూ.3 వేలు, జరీబుకు రూ.5 వేలు చొప్పున పెంపు.

మెట్ట ఎకరానికి పదేళ్ల కౌలు కూడితే రూ.4.35 లక్షలు. కానీ పదేళ్ల తర్వాత వచ్చే రూపాయి, ఈ రోజు చేతిలో ఉన్న రూపాయి ఒకటి కావు కదా! ఏడాది చివర చెల్లింపు అనుకుని 10 శాతం వడ్డీతో వెనక్కి లెక్కిస్తే, దాని నేటి విలువ సుమారు రూ.2.53 లక్షలు. అదే 5 శాతంతో అయితే సుమారు రూ.3.27 లక్షలు. ఒక్క వడ్డీ శాతం మార్చితే ఎకరానికి రూ.70 వేలకు పైగా తేడా.

ఇంతవరకూ చేసింది డబ్బు లెక్కే. జరీబు నేలలో పైపైనే దొరికే నీరు, కొండవీటి వాగు పొంగితే ఆ నీటిని పట్టి ఉంచే పొలాలు... వీటి ధర ఏ సంతలోనూ రాసి ఉండదు. భూమి లేని కుటుంబాలకు నెలకు రూ.2,500 పింఛను పెట్టారు. అది తోటల్లో పోయిన కూలి పనులకు సమానమా, తక్కువా, ఎక్కువా? అభిప్రాయం ఎవరైనా చెబుతారు. లెక్క వేసి చూపించేవాళ్లే తక్కువ. అలా చూపించడం నేర్పేదే పర్యావరణ, సహజ వనరుల ఆర్థికశాస్త్రం.

మన పొలాలే పాఠాలు

మీది గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం ప్రాంతమైతే ఈ సబ్జెక్టులో సగం మీకు ముందే తెలుసు. పేర్లే తెలియవు.

పత్తినే తీసుకోండి. 1980ల రెండో సగంలో ఈ జిల్లాల్లో తెల్లదోమ విరుచుకుపడింది. మందు మీద మందు కొట్టినకొద్దీ పురుగు తట్టుకోవడం నేర్చుకుంది. 1987–88లో పంట పోయి, అప్పులు మిగిలి, ప్రకాశం ప్రాంతంలో రైతుల ఆత్మహత్యలు జరిగాయి. కొట్టిన మందు ఖర్చు ఒక రైతుది. దానివల్ల పురుగుకు వచ్చే నిరోధక శక్తి భారం మాత్రం ఊరందరిదీ. ఒకరు చేసే పని ఖర్చు ధరలో కనిపించకుండా మరొకరి మీద పడితే దాన్ని ‘బాహ్య ప్రభావం’ అంటారు. 2021–22లో నల్ల తామర పురుగు మిర్చి తోటల్ని ఊడ్చేసినప్పుడు కూడా పక్క చేను సంగతి పట్టకుండా ఎవరి చేనును వారు కాపాడుకోలేకపోయారు.

కౌలు రైతు సంగతి చూడండి. వచ్చే ఏడాది ఆ చేను తనకే ఉంటుందో లేదో తెలియనప్పుడు పశువుల ఎరువు తోలి నేలను బాగు చేయమంటే ఎందుకు చేస్తాడు? అది అతని తప్పు కాదు, ఒప్పందంలో లోపం. దీన్ని సరిదిద్దే మార్గాలు వెతకడమూ ఈ చదువులో భాగమే.

ఇక బోరు. నేను తోడకపోతే పక్కవాడు తోడేస్తాడన్న భయంతో అందరూ తోడతారు, అందరి బోర్లూ ఎండుతాయి. దీనికి చట్టమొక్కటే మందు కాదని ప్రకాశం సహా ఏడు జిల్లాల్లో రైతులు చూపించారు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సాయంతో నడిచిన రైతు నిర్వహిత భూగర్భజల వ్యవస్థల ప్రాజెక్టులో వాన ఎంత పడిందో, బావిలో మట్టం ఎంత ఉందో రైతులే కొలిచారు. రబీకి ముందు కూర్చుని ఊరి నీటి బడ్జెట్ వేసుకుని, ఏ పంట వేయాలో ఎవరికి వారే నిర్ణయించుకున్నారు.

కాలువ నీటిదీ ఇదే కథ. సాగర్ కుడి కాలువ చివరి భూముల రైతుకు ఎగువవాళ్ల వాడకం ఎలా తగులుతుందో చెప్పక్కర్లేదు. కర్నూలు ప్రాంతంలో కాలువ కింద ఊళ్లను పరిశీలించిన రాబర్ట్ వేడ్, నీటికి కటకట ఉన్న చివరి ఊళ్లే ఎక్కువగా కట్టుబాట్లు పెట్టుకుని నీళ్లు పంచుకుంటున్నాయని 1988లో వచ్చిన తన పుస్తకంలో వివరించాడు. ఇలాంటి ఉమ్మడి వనరుల నిర్వహణ మీద పరిశోధనకే ఎలినార్ ఆస్ట్రమ్‌కు 2009లో నోబెల్ దక్కింది.

ఏం చదవాలి?

పొలం మీద ప్రేమ ఒక్కటే చాలదు. సూక్ష్మ అర్థశాస్త్రం, గణాంకాలు, ఎకనామెట్రిక్స్ వెన్నెముక లాంటివి. వ్యయ–ప్రయోజన విశ్లేషణ, ధర లేనివాటి విలువ కట్టే పద్ధతులు, పన్నులు, సబ్సిడీలు, కాలుష్య అనుమతుల వ్యాపారం లాంటి విధానాలు వాటి మీద నిలబడతాయి. కలన గణితం చూస్తే భయమేస్తుందా? ఇప్పటినుంచే రోజుకో గంట పెట్టండి. చేరాక నేర్చుకుందాంలే అనుకున్నవాళ్లకు మొదటి సెమిస్టరే గట్టి దెబ్బ.

ఎక్కడ?

బీఎస్సీ అగ్రికల్చర్ చదివినవారికి దగ్గరి దారి గుంటూరు లాంలో ప్రధాన కేంద్రం ఉన్న ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం. బాపట్ల, తిరుపతి కళాశాలల్లో వ్యవసాయ ఆర్థికశాస్త్రంలో ఎంఎస్సీ ఉంది. ఇతర రాష్ట్రాల వ్యవసాయ వర్సిటీల్లో సీట్లకు ఐసీఏఆర్ పీజీ ప్రవేశ పరీక్ష రాయాలి.

బీఏ, బీకాం, బీటెక్ వాళ్లకు మద్రాస్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ (చెన్నై), టెరీ స్కూల్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ స్టడీస్ (ఢిల్లీ) ఈ రంగానికి పేరున్నవి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఎంఏ ఎకనామిక్స్ చేసి తర్వాత పరిశోధనలో ఇటు మళ్లొచ్చు. విదేశాల్లో నెదర్లాండ్స్‌లోని వాగెనింగెన్ విశ్వవిద్యాలయం ప్రసిద్ధం. గణితం అర్హత, ప్రవేశ పరీక్ష, ఫీజు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి. ఆ ఏడాది నోటిఫికేషన్ చదవకుండా డబ్బు కట్టొద్దు.

ఉద్యోగం వస్తుందా?

ఇంట్లో అడిగే మొదటి ప్రశ్న ఇదే. ‘పర్యావరణ ఆర్థికవేత్త కావలెను’ అన్న ప్రకటన మీకు అరుదుగానే కనిపిస్తుంది. పని మాత్రం వేరే పేర్లతో ఉంటుంది. యూపీఎస్సీ నిర్వహించే ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ పరీక్ష సిలబస్‌లో పర్యావరణ అర్థశాస్త్రం ఒక భాగం. అయితే వ్యవసాయ ఆర్థికశాస్త్రం పట్టా దానికి చెల్లుతుందో లేదో ముందే చూసుకోండి. నాబార్డు గ్రేడ్–ఎ, నెట్ రాసి అధ్యాపక వృత్తి, హైదరాబాద్‌లోని సెస్, పటాన్‌చెరులోని ఇక్రిశాట్ లాంటి పరిశోధన సంస్థలు, కన్సల్టెన్సీలు మిగతా దారులు. 2023లో కేంద్రం కార్బన్ క్రెడిట్ ట్రేడింగ్ పథకాన్ని నోటిఫై చేసింది. మన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం 2024లో గుల్బెంకియన్ బహుమతిని మరో ఇద్దరు విజేతలతో పంచుకుంది. ఇలాంటి చోట్ల రైతుకు నిజంగా ఎంత మిగిలిందో నమ్మకంగా కొలిచేవాళ్లు కావాలి. ప్రాజెక్టు ఉద్యోగాల్లో చాలావరకు ఒప్పంద కాలం కొద్దే. అప్పు చేసి చదివేవాళ్లు ఈ సంగతి మరవొద్దు.

ఈ సెలవుల్లో ఓ పని చేయండి

దరఖాస్తుకు ముందే ఈ చదువు మీకు నప్పుతుందో లేదో తేల్చుకోవచ్చు. మీ ఊళ్లో పదిమంది మిర్చి రైతుల్ని ఎంచుకోండి. ఐదుగురు సొంత భూమి వాళ్లు, ఐదుగురు కౌలుదారులు. విత్తనం, మందులు, కోత కూలి, కౌలు, కోల్డ్ స్టోరేజీ అద్దె, యార్డులో వచ్చిన ధర అన్నీ రాసుకోండి. తర్వాత మరో గడి గీయండి: బోరు ఎన్ని అడుగులు దిగింది? మందు కొట్టాక ఎవరికైనా ఒంట్లో బాగోలేక ఎన్ని రోజుల పని పోయింది?

ఆ రెండో గడిలో అంకె వేయడానికి మీరు తంటాలు పడుతూ, దాన్ని వదలబుద్ధి కాక రాత్రి కూర్చుంటే, ఇది మీ చదువే. మొదటి గడి దగ్గరే విసుగొస్తే? ఫర్వాలేదు, రెండేళ్లూ ఫీజూ మిగిలాయి.