చీకటి దారికి సరిపడే సైకిల్‌ లైటు

కోచింగ్‌ సెంటర్లో ఆఖరి క్లాసు అయ్యేసరికి రాత్రి ఎనిమిదిన్నర. రీడింగ్‌ రూమ్‌కి వెళ్లేవాళ్లకైతే పది దాటుతుంది. కానిస్టేబుల్‌ ఈవెంట్స్‌కు సిద్ధమయ్యేవాళ్లు తెల్లవారుజామున నాలుగున్నరకే గ్రౌండ్‌కి బయల్దేరాలి. ఊరు దాటాక వీధి దీపాలుండవు. సైకిల్‌ మీద వెళ్లేవాళ్లకి ఆ నాలుగైదు కిలోమీటర్లే అసలు పరీక్ష! పరీక్షల ముందు ఒక్కసారి గోతిలో పడి కాలో చెయ్యో విరిగితే ఏడాది కష్టం వృథా. మరి ఎలాంటి లైటు కొనాలి?

ఎంత దూరం కనిపించాలి?

చిన్న లెక్క వేద్దాం. గంటకు 20 కి.మీ. వేగమంటే సెకనుకు దాదాపు 5.5 మీటర్లు. గొయ్యిని చూసి బ్రేకు పట్టేలోపు ఒకటిన్నర సెకను గడిచిందనుకుంటే, 8 మీటర్లు ముందుకెళ్లిపోతాం. సైకిల్‌ ఆగడానికి ఇంకో 5 మీటర్లు. రోడ్డు తడిగా ఉంటే ఇంకా ఎక్కువే. అంటే కనీసం 20 మీటర్ల దూరంలోని గొయ్యి స్పష్టంగా కనిపించాలి. ఫోన్‌ టార్చితో ఇది అయ్యే పని కాదు. దాని వెలుగు దూరం పోకుండా చుట్టూ చెదిరిపోతుంది.

ల్యూమెన్లొక్కటే చాలవు

లైటు నుంచి వచ్చే మొత్తం వెలుగును ల్యూమెన్లలో చెబుతారు. రోడ్డు మీద ఒక చోట ఎంత పడుతుందో చెప్పేది లక్స్‌. వీధి దీపాలున్న దారికి 100-200 ల్యూమెన్లు సరిపోతాయి. పూర్తి చీకటి రోడ్డుకి 400 పైన, గతుకుల దారికి 600-800 ఉంటే నయం. అయితే వెలుగు ఎటు పడుతోందన్నది కూడా ముఖ్యమే. జర్మనీలో సైకిల్‌ హెడ్‌లైటు 10 మీటర్ల దూరంలో కనీసం 10 లక్స్‌ ఇవ్వాలి, ఎదుటివారి కళ్లలో పడకుండా పైభాగం కట్‌ అయి ఉండాలి. అలాంటి బీమ్‌ ఉన్న లైటు దొరికితే మంచిది. లేదంటే లైటును కాస్త కిందికి వంచి బిగించుకోండి. ఎదురొచ్చే బండి నడిపేవారికి కళ్లు చెదిరితే ప్రమాదం మనకే.

బాక్సు మీది అంకెలు నమ్మొచ్చా?

‘5000 ల్యూమెన్లు, 4 గంటలు’ అని రాసిన చవక లైట్లు ఆన్‌లైన్లో కనిపిస్తాయి. ఆప్టిట్యూడ్‌ బుర్రతో చూడండి. ఎల్‌ఈడీ ఒక వాట్‌కు సుమారు 100 ల్యూమెన్లు ఇస్తుందనుకుంటే, 5000కి 50 వాట్లు కావాలి. 3.7 వోల్టుల 2000 ఎంఏహెచ్‌ బ్యాటరీలో ఉండేది 7.4 వాట్‌-అవర్లు. అంటే తొమ్మిది నిమిషాలకే ఖాళీ! గంటల లెక్క సాధారణంగా తక్కువ వెలుగు మోడ్‌కే చెబుతారు. మీకు కావాల్సిన వెలుగులో ఎంతసేపు వస్తుందో చూసుకోండి.

వెనక లైటు మరిచిపోవద్దు

డబ్బంతా ముందు లైటుకే పెట్టేయకండి. వెనక నుంచి వచ్చే లారీకి మీరు కనిపించాలి కదా! వెనక ఎర్ర లైటు తప్పనిసరి. చీకటి రోడ్డు మీద బ్లింక్‌ అయ్యేదాన్ని చూసి దూరం అంచనా వేయడం కష్టం. నిలకడగా వెలిగే మోడ్‌ మేలు. వీపు మీది బ్యాగు లైటును కప్పేస్తుంటే క్యారియర్‌ చివర బిగించండి. పెడళ్లకు, చీలమండల దగ్గర రిఫ్లెక్టివ్‌ టేప్‌ అంటిస్తే తొక్కుతున్నప్పుడు పైకీ కిందికీ కదులుతూ డ్రైవర్‌ కంట పడుతుంది. ఖర్చు చాలా తక్కువ.

కొనేముందు ఇవి చూడండి

• వాన జల్లుకు ఆగాలంటే కనీసం ఐపీఎక్స్‌4. జోరువానలో తిరిగేవారికి ఐపీఎక్స్‌6 మంచిది.
• ఫోన్‌ ఛార్జర్‌తోనే ఛార్జ్‌ అయ్యే టైప్‌-సి పోర్టు ఉంటే హాస్టల్లో ఇబ్బంది ఉండదు.
• ఛార్జింగ్‌ ఎంత మిగిలిందో చూపే ఇండికేటర్‌ ఉండాలి.
• గతుకుల్లో వంగిపోని క్లాంపు కావాలి. సైకిల్‌ స్టాండ్‌లో పెట్టినప్పుడు లైటు తీసి జేబులో వేసుకునేలా ఉండాలి.

బిగించాక ఓ రాత్రి సైకిల్‌ని వాహనాలు రాని చోట నిలబెట్టి, లైట్లు వేసి, వంద అడుగులు వెనక్కి నడిచి చూడండి. తర్వాత ముందువైపూ అలాగే. మీ సైకిల్‌ మీకే సరిగ్గా కనపడకపోతే, లారీ డ్రైవర్‌కి ఎలా కనిపిస్తుంది?