ఫోల్డరు తెరుచుకోవడానికి ఇంత ఆలస్యమెందుకు?

గోల్ ఘర్‌లో ఉన్నవారు కంప్యూటర్ నెమ్మదిస్తే ముందు ఇంటర్నెట్‌ను అనుమానించడం సహజమే. చెన్నై నుండి సముద్రగర్భ కేబుల్ 2020 ఆగస్టులో ప్రారంభమయ్యేదాకా అండమాన్ దీవులు ఉపగ్రహం మీదనే ఆధారపడ్డాయి. అయితే మీ పాత మాక్‌లోని ఫోటోల ఫోల్డరుకు నెట్‌తో పనిలేదు. వై-ఫై ఆపి తెరవండి. ఆలస్యం అలాగే ఉంటే కారణం యంత్రంలోనే ఉంది.

ఫోల్డరు తెరవగానే 'ఫైండర్' పేర్లు చదివి ఊరుకోదు. ప్రతి ఫోటోకు చిన్న బొమ్మ తయారుచేస్తుంది. అడిగితే లోపలి ఫోల్డర్ల పరిమాణమూ లెక్కగడుతుంది. ఇందుకోసం తిరిగే డిస్కు మీద చదివే హెడ్ అటూ ఇటూ పరుగెత్తాలి. పైగా 2018లో వచ్చిన మొహావే ఇలాంటి డిస్కులను కూడా ఏపీఎఫ్ఎస్ అనే అమరికలోకి మార్చింది. ఇందులో ఫైళ్ళ వివరాలు డిస్కంతా చెదిరిపోతాయి. ఎస్ఎస్‌డీకి అది లెక్కలోకి రాదు, తిరిగే డిస్కుకు మాత్రం పెద్ద శ్రమ.

కమాండ్, 2 మీటలు కలిపి నొక్కితే ఫోల్డరు జాబితాగా మారుతుంది. తర్వాత కమాండ్, జె నొక్కి 'షో ఐకాన్ ప్రివ్యూ', 'కాలిక్యులేట్ ఆల్ సైజెస్' ఎదుట ఉన్న టిక్కులు తీసేయండి. చాలాసార్లు ఇంతటితో తేడా తెలుస్తుంది.

పది ఫైళ్ళున్న ఫోల్డరు కూడా నిలిచిపోతూ, డిస్కు టకటకమంటోందా? అయితే ఇంకే ప్రయోగమూ చేయకండి. ముందు మీ ప్రాజెక్టు ఫైళ్ళను వేరే డిస్కులోకి కాపీ చేసుకోండి. మరమ్మతు సంగతి ఆ తర్వాత.