మధ్యలో నిలబడే ముల్లు

ఆయిల్ ప్రెషర్ ముల్లు సరిగ్గా మధ్యలో ఉందంటే ఇంజిన్ క్షేమంగా ఉన్నట్టేనని మనలో చాలామంది నమ్మకం. పాత వ్యాన్ల దగ్గర ఆ నమ్మకం బాగా ఖరీదు పడుతుంది. ఇంజిన్ ఆయిల్ పరీక్షించే ల్యాబులో పనిచేసేవాణ్ణి కాబట్టి, సంచిక కమిటీవారు ఈసారి నన్ను పట్టుకున్నారు. కవిత అడగలేదు, పాఠకుల అదృష్టం.

మన సంఘం వ్యాను మీకందరికీ పరిచయమే. వెనక సీట్లు తీసేస్తే ఉగాదికి గుండిగలు, సంక్రాంతికి స్టేజీ తెరలు, పెళ్లిళ్లకు మండపం స్తంభాలు అన్నీ అందులోనే. రెండేళ్ల కిందట అది నిండా మనుషులతో, పైన సామానుతో డెట్రాయిట్ నుంచి పిట్స్‌బర్గ్ వేంకటేశ్వరస్వామి గుడికి బయల్దేరింది. ఒహాయో టర్న్‌పైక్ మీద గంటల తరబడి డెబ్బై మైళ్ల వేగం. మన్రోవిల్ దగ్గర దిగి సిగ్నల్లో ఆగేసరికి ముల్లు ఒక్కసారి సున్నాకు పడి, యాక్సిలరేటర్ తొక్కగానే మళ్లీ మధ్యకొచ్చిందట. నడిపే కుర్రాడు సెన్సర్ చెడిందనుకున్నాడు. దర్శనమైంది, పులిహోర ప్రసాదమూ అయింది. తిరుగు ప్రయాణంలో ఇంజిన్ అడుగు నుంచి టకటకమని మొదలైంది. కనెక్టింగ్ రాడ్ బేరింగ్ పోయింది. ఇంజిన్ మార్చడానికి పెట్టిన డబ్బుతో ఆ ఏడు దసరా భోజనాలు జరిగేవి. కుర్రాడి మీద నాకు కోపం లేదు. చేతిలో స్టీరింగ్ పెట్టాం గానీ ఆ ముల్లును ఎలా చదవాలో ఎవరం చెప్పలేదు.

ఆ ముల్లు నిజానికి చాలా బళ్లలో మీటరే కాదు. ట్రైటన్ వీ8 ఇంజిన్ ఉన్న ఫోర్డ్ ఎకనోలైన్లలో చాలావాటికి ఆయిల్ దారిలో ఉండేది ఒక స్విచ్చి మాత్రమే. ప్రెషర్ 6 పీఎస్ఐ దాటితే చాలు, ముల్లు లేచి మధ్యలో కూర్చుంటుంది. అసలు ప్రెషర్ 60 ఉన్నా, 8 ఉన్నా చూపించేది అదే చోటు. నిజమైన మీటరు పెడితే చల్లటి ఇంజిన్లో పైకీ, వేడి ఇంజిన్లో కిందికీ ఊగుతుంది. అది చూసి జనం కంగారుపడి డీలర్ దగ్గరికి పరుగెత్తుతారు. వాళ్లను స్థిమితంగా ఉంచే ఏర్పాటిది. ఎనభైల చివరి ఫోక్స్‌వ్యాగన్ వానగన్‌లో పద్ధతి వేరు. ఐడిల్లో 0.3 బార్ కన్నా తగ్గితే చెప్పడానికి ఒక స్విచ్చి, 2,000 ఆర్‌పీఎం దాటాక 0.9 బార్ లేకపోతే దీపంతోపాటు బజర్ మోగించడానికి ఇంకొకటి. ముల్లు లేకపోయినా వానగన్ పద్ధతికే నా ఓటు.

మరి మన వ్యాను ముల్లు సిగ్నల్లోనే ఎందుకు పడింది? ఆయిల్ పంపు పుట్టించేది ప్రవాహం. ఆ ప్రవాహానికి బేరింగుల సందుల్లో ఎదురయ్యే అడ్డే ప్రెషర్. రెండంగుళాల క్రాంక్ జర్నల్ చుట్టూ ఉండే సందు అంగుళంలో వెయ్యింట రెండు వంతులు. లక్షన్నర మైళ్లు తిరిగాక అది పెరుగుతుంది, ఆయిల్ సులువుగా జారిపోతుంది. దానికి వేడి తోడవుతుంది. పొయ్యి మీద పల్చగా కదిలే పాకం చల్లారితే చిక్కబడ్డట్టే ఆయిల్ కూడా. 5డబ్ల్యూ-30 ఆయిల్ చిక్కదనం 40 డిగ్రీల సెల్సియస్ దగ్గర 60 సెంటీస్టోక్స్ ప్రాంతంలో ఉంటే, 100 డిగ్రీలకు 9.3 నుంచి 12.5 మధ్యకు దిగుతుంది. ఇంకా వేడెక్కితే ఇంకా పల్చన. హైవే మీద పంపు వేగంగా తిరుగుతుంది కాబట్టి ఆ లోటు కనపడదు. దిగి ఆగగానే ఆయిల్ ఇంకా కాగుతూనే ఉంటుంది, పంపు మాత్రం 650 ఆర్‌పీఎంకి పడిపోతుంది. అందుకే గుడి కింద సిగ్నలే అసలు పరీక్ష. గుడి కొండ ఎక్కేటప్పుడు భయపడతాం గానీ, ఎక్కబోయే ముందు ఆగిన ఆ నిమిషాన్ని చూడాలి.

టెంపరేచర్ మీటరు బాగానే ఉందిగా అంటారు. అది చూపేది కూలెంట్ వేడి. పైగా అదీ మన మనశ్శాంతి కోసమే, మామూలు హెచ్చుతగ్గులకు కదలకుండా అమర్చింది. పూర్తి బరువు, ఎదురుగాలి, ఏసీ, ఎత్తు అన్నీ కలిసినప్పుడు కూలెంట్ ముల్లు మధ్యలోనే ఉండగా ఆయిల్ 120 డిగ్రీలు, అంటే దాదాపు 250 ఫారన్‌హీట్, దాటిపోవచ్చు. ఆయిల్‌కు 95 నుంచి 110 డిగ్రీలు సుఖం. ఆ పైన ప్రతి పది డిగ్రీలకూ అది చెడే వేగం సుమారు రెట్టింపవుతుందని మా వృత్తిలో లెక్క. మరీ చల్లగా ఉన్నా చిక్కే. జనవరిలో కాంటన్ నుంచి నోవై దాకా పాలపాకెట్ కోసం తిప్పే బండిలో ఆయిల్ వేడెక్కే లోపలే ఇల్లొస్తుంది. నీటి ఆవిరి, పెట్రోలు అందులోనే మిగిలిపోతాయి. మూత తీస్తే లోపల మీగడలాంటి తెల్లటి జిడ్డు కనిపించేది అందుకే. వారానికొకసారైనా అరగంట హైవే మీద నడపండి.

ఇక మనవాళ్లు చేసే వైద్యం. ప్రెషర్ తగ్గిందనగానే ఎవరో ఒక అంకుల్ 20డబ్ల్యూ-50 పోయమంటారు. ముల్లు లేస్తుంది, అంకుల్ గెలుస్తారు. కానీ పంపు లాగగలగాలని ఆ గ్రేడుకు పెట్టిన హద్దు మైనస్ 20 సెల్సియస్, 5డబ్ల్యూకి మైనస్ 35. మిషిగన్లో ఒక గట్టి జనవరి రాత్రి చాలు, తెల్లారి స్టార్ట్ చేసినప్పుడు పై భాగాలకు ఆయిల్ అందక ఎండిపోతాయి. అరిగిన ఇంజిన్‌కు ఒక మెట్టు చిక్కటిది, 5డబ్ల్యూ-20 బదులు 5డబ్ల్యూ-30, వేసవి దూరప్రయాణానికి వేయడంలో తప్పు లేదనే నా అభిప్రాయం. అంతకుమించి వద్దు. సీసాల్లో అమ్మే చిక్కటి మందులు అసలే వద్దు.

చేయాల్సిన పని వేరే ఉంది. సెన్సర్ విప్పి, ఆ రంధ్రంలో గొట్టం ఉన్న మెకానికల్ గేజ్ బిగించి, ఒక అరగంట హైవే మీద నడిపాక చదవాలి. ప్రతి వెయ్యి ఆర్‌పీఎంకు 10 పీఎస్ఐ అన్నది పాతకాలపు లెక్క, అసలు అంకె మీ బండి సర్వీసు మాన్యువల్లో ఉంటుంది. గేజ్ కొననక్కర్లేదు. ఆటోజోన్, ఓరైలీ దుకాణాల్లో డిపాజిట్ కడితే ఇస్తారు, తిరిగిస్తే డబ్బు వాపసు. మెకానిక్ "సెన్సరే, మార్చేస్తా" అంటే, మార్చేముందు గేజ్ పెట్టి చూశారా అని అడగండి. కొన్నిసార్లు నిజంగా సెన్సరే. అది తెలియడానికీ గేజే దారి.

దారిలో ముల్లు పడితే, దీపం వెలిగితే, తర్వాతి ఎగ్జిట్ దాకా లాగుదామనుకోకండి. పక్కకు తీసి వెంటనే ఇంజిన్ ఆపండి. కొన్ని నిమిషాలాగి డిప్‌స్టిక్ చూడండి. ఆయిల్ తక్కువుంటే పోయండి, కారుతోందేమో కింద చూడండి. నిండుగా ఉండి కూడా దీపం వెలిగిందంటే మళ్లీ స్టార్ట్ చేయకుండా టో ట్రక్కును పిలవండి. పిల్లలు ఏడుస్తారు, అమ్మమ్మగారు ముహూర్తం దాటిపోతోందంటారు. అయినా సరే.

ఈ ఊళ్లో ఏ ఇంజిన్ ల్యాబ్ తలుపు తెరిచినా లోపల ఒక తెలుగు గొంతు వినపడుతుందని నేను గర్వంగా చెప్పుకుంటాను. కొంచెం ఎక్కువే చెప్తున్నానేమో. విజయవాడ ఆటోనగర్లో చెవితోనే బేరింగ్ జబ్బు చెప్పే మేస్త్రీల ఊరి నుంచి వచ్చినవాళ్లం కూడా మనలో ఉన్నాం. అయినా మన పిల్లల్లో డిప్‌స్టిక్ తీసి చూసినవాళ్లు ఎందరు? ఆదివారం తెలుగు బడి అయ్యాక పార్కింగ్‌లో పది నిమిషాలు బానెట్ ఎత్తితే గుణింతాలతోపాటు అదీ వస్తుంది. దసరాకు బండి కడిగి, బొట్టుపెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెడుతూనే ఉన్నాం. ఆ పూజ ముందురోజే గేజ్ పరీక్ష పెట్టుకుందాం. ఐడిల్లో ఎంత, 2,000 దగ్గర ఎంత, బయట చలి ఎంత, ఏ గ్రేడు ఆయిల్ అన్నవి రాసి పెడితే వచ్చే దసరాకు పోల్చుకోవచ్చు. సంఘం వ్యాను గ్లవ్ బాక్సులో అందుకోసం ఒక నోటు పుస్తకం పెట్టాను. కిందటి దసరా అంకెలు మొదటి పేజీలో ఉన్నాయి. పెన్ను మాత్రం ఎవరో తీసుకెళ్లారు.