జానపద గానానికి తెరచిన ద్వారం

పల్లెపట్టుల్లోనూ కార్మికవాడల్లోనూ పుట్టి, రచయిత పేరు లేకుండానే నోటినుండి నోటికి సాగివచ్చే పాటలను జానపద గేయాలంటాము. అవి వ్రాతకన్న నాలుకమీదనే ఎక్కువగా నిలుస్తాయి గనుక, వినేవారు కరువైతే పాట కూడా కరువౌతుంది. రేడియో ద్వారా అట్టి పాటలకు శ్రోతలను సమకూర్చిన వారిలో ఆస్కార్ బ్రాండ్ చిరస్మరణీయులు.

ఆయన 1920 ఫిబ్రవరి 7న కెనడాలోని విన్నిపెగ్ నగరంలో జన్మించారు. బాల్యంలోనే అమెరికా చేరి, బ్రూక్లిన్ కళాశాలలో మనస్తత్వశాస్త్రం అభ్యసించారు. 1945 డిసెంబరులో, నాడు న్యూయార్కు నగర ప్రభుత్వం నడుపుచుండిన డబ్ల్యు.ఎన్.వై.సి. రేడియో కేంద్రంలో ‘ఫోక్‌సాంగ్ ఫెస్టివల్’ అనే వారపు కార్యక్రమం ప్రారంభించారు. తాము గిటారుతో పాడుతూ, అతిథులచేత పాడిస్తూ శ్రోతలను అలరించేవారు. నల్లజాతి గాయకుడు లెడ్ బెల్లీ, సంచార గాయకుడు వుడీ గత్రీ అక్కడ పాడారు. 1961 అక్టోబరులో, సొంత రికార్డు ఇంకా వెలువడని ఇరవై ఏండ్ల యువకుడు బాబ్ డిలాన్‌కూ ఆ వేదిక లభించింది.

ఈ కార్యక్రమానికి బ్రాండ్ పారితోషికం పుచ్చుకోలేదు. ఆ నిష్కామసేవయే ఆయనకు స్వాతంత్ర్యాన్నిచ్చింది. 1950 జూన్‌లో ‘రెడ్ ఛానెల్స్’ అనే పుస్తకం 151 మంది కళాకారులను, రచయితలను, ప్రసారకులను కమ్యూనిస్టు సానుభూతిపరులని ముద్రవేసింది. ఆ పట్టికలో పీట్ సీగర్‌తోబాటు బ్రాండ్ పేరు కూడా ఉన్నది. ప్రకటనదారుల సొమ్ముతో నడిచే సంస్థలు వారి ఆగ్రహానికి వెరచి, అట్టివారికి తలుపులు మూసివేశాయి. బ్రాండ్ కార్యక్రమానికి ప్రకటనదారుడు లేడు. ఆపివేయడానికి జీతమూ లేదు. అందువల్ల ఇతరత్రా నిషిద్ధులైన గాయకులను ఆయన నిర్భయంగా ఆహ్వానించగలిగారు.

1995 సంవత్సరానికి ప్రతిష్ఠాత్మకమైన పీబడీ పురస్కారం ఆయనను వరించింది. ఒకే వ్యాఖ్యాత అత్యధిక కాలం నిర్వహించిన రేడియో కార్యక్రమంగా ఇది గిన్నిస్ గ్రంథానికెక్కింది. 2016 సెప్టెంబరు 30న, తొంబదియారవ ఏట కన్నుమూసే వరకు, డెబ్బది సంవత్సరాలకు పైగా ఆయన ఆ వ్రతం విడువలేదు.

విద్యార్థి మిత్రులారా! మన ఇండ్లలోనూ అవ్వలు, తాతలు పాడే పాటలున్నవి. అవి తెలుగైనా, ఉర్దూ అయినా, శ్రద్ధగా వినే చెవి కోసం ఎదురుచూస్తున్నవి. పాటను కాపాడడానికి ధనం కన్న ముందు కావలసినది పాడేవారికి చోటివ్వగల హృదయం. బ్రాండ్ జీవితం మనకు బోధించేది అదియే.