చిన్న గీత – పెద్ద చిక్కు

ఇంట తెలుగు, వీధిలో కన్నడము మాటలాడుచు పెరిగిన నాకు, నలుబది యేండ్లు దాటిన పిదప స్పానిష్ భాషతో పని పడినది. నేను గుమాస్తాగా ఉన్న ఆఫీసుకు స్పెయిన్ దేశమునుండి ఉత్తరములు వచ్చుచుండును. వానికొరకై వర్తమాన కాలము వరకు నేర్చుకొని, ఇక చాలుననుకొంటిని. అక్కడనే పొరబడితిని.

ఒకనాటి ఉత్తరములో ఖాతాదారు తన భాగస్వామిని గూర్చి చెప్పుచు, "యా మందో ఎల్ దినేరో" అని వ్రాసెను. "మందార్" అనగా పంపుట, "దినేరో" అనగా డబ్బు. "ఇదిగో, డబ్బు పంపుచున్నాను" అని నేను అర్థము చేసికొని, సొమ్ము రావలసియున్నదని లెడ్జరులో గుర్తు పెట్టి, ఒక రిమైండరు పంపితిని. నిజమునకు అందున్నది "ఆయన డబ్బు ఇదివరకే పంపెను" అని! ఇచ్చిన సొమ్మును మరల అడిగితిమని వారు నొచ్చుకొనిరి. నాకు చీవాట్లు తప్పలేదు. చివరి అక్షరముపై ఉన్న చిన్న గీతను నేను చూడకపోవుటయే ఇంతకును కారణము.

ఆ రాత్రి భూతకాలపు పాఠము తెరచితిని. స్పానిష్ క్రియలు "ఆర్, ఎర్, ఇర్" అను మూడింటిలో ఒకదానితో ముగియును. ఆ తోకను తీసివేసి వేరొక తోకను తగిలింపవలెను. "మందార్" రూపములివి:

మందే – పంపితిని
మందాస్తె – పంపితివి
మందో – పంపెను
మందామోస్ – పంపితిమి
మందాస్తెయిస్ – పంపితిరి
మందారోన్ – పంపిరి

రెండు వరుసలను ప్రక్కప్రక్కన వ్రాసి చూచుకొనగా నాకు నవ్వు వచ్చినది. "నేను, నీవు" అను మాటలు ఎక్కడను లేవు. అయినను లోటు లేదు. కర్త క్రియ చివరనే కూర్చున్నాడు. ఇంగ్లీషులో "సెంట్" అనుమాట ఒక్కటే అందరికిని చెల్లును గనుక, పంపినదెవరో ముందు చెప్పక తీరదు. నేను ఇంగ్లీషు ద్వారా నేర్చుకొని కష్టపడితిని గాని, సగము పాఠము మా ఇంటిలోనే ఉన్నది.

మరియొక పోలిక. "మందో" అనినచో అతడో ఆమెయో తెలియదు. మన "పంపెను" కూడ అంతే. "పంపాడు, పంపింది" అని నేటి వాడుకలో వేరుపరచుచున్నాము. "మీరు పంపారు, వారు పంపారు" అని మనము ఒకే రూపము వాడునట్లు, మెక్సికో మొదలు అర్జెంటీనా వరకు గల స్పానిష్ వారు "మందాస్తెయిస్" విడిచిపెట్టి, రెండు చోట్లను "మందారోన్" అనియే అందురు.

ఇక నన్ను ముంచిన గీత సంగతి. "మందో" అనుమాటలో మొదటి అక్షరమును ఒత్తి పలికినచో "పంపుచున్నాను". చివరి దానిని ఒత్తినచో "పంపెను". ఆ ఒత్తునకు గుర్తుగా చివరి అచ్చుపై ఏటవాలు గీత పెట్టుదురు. "మందే" పైనను గీత కలదు. అది లేనిచో "పంపుడు" అని మర్యాదగా ఆజ్ఞాపించినట్లగును. "మందామోస్" మాత్రము రెండు కాలములకును ఒక్కటే. "ఆయెర్", అనగా నిన్న, వంటి మాటను బట్టి గ్రహింపవలెను.

"ఎర్, ఇర్" క్రియలు రెండింటికిని ఒకే వరుస తోకలు. "కొమేర్" అనగా తినుట: కొమీ, కొమిస్తె, కొమియో, కొమిమోస్, కొమిస్తెయిస్, కొమియెరోన్. ఈ రెండు వరుసలు వచ్చినచో క్రమము తప్పని క్రియలన్నియు వచ్చినట్లే. ఉండుట, పోవుట వంటివి కొన్ని ఈ దారికి రావు. వానిని కంఠస్థము చేయవలసినదే. ఇవి ముగిసిన పనికే చెల్లును. "నెలనెలా పంపెడివాడు" అను అలవాటునకు "మందాబా" అని వేరు రూపము కలదు.

ఇప్పుడు ఆ దేశపు ఉత్తరము వచ్చినచో, ముందు క్రియల చివరలు చూచి, గీత ఉన్నచోటనెల్ల పెన్సిలుతో సున్న చుట్టి, ఆ తరువాతనే అర్థము చెప్పుకొందును. మా చిన్నవాడు తెలుగులో "మేము పంపారు" అని తడబడినపుడు ఇదివరకు నవ్వి ఊరకుండెడివాడను. ఇప్పుడు అప్పటికప్పుడే దిద్దుచున్నాను. తోక తప్పినచో పని ఎవరిదో తెలియదని నాకు అనుభవమైనది గదా!