తొందరపడ్డవాడి తలే ముందు తెగుతుంది
మోర్డ్‌హౌ, చివల్రీ ఆటల్లో కత్తిపోరు: అపోహలు – వాస్తవాలు

మోర్డ్‌హౌ మొదలుపెట్టిన కొత్తలో అందరూ ఒకేలా చస్తారు. జట్టుతోపాటు అరుచుకుంటూ పరుగెత్తడం, ఎదురైన మొదటి శత్రువు మీద మౌస్ బటన్ ఆపకుండా నొక్కడం, మూడో ఊపు గాల్లో ఉండగానే తల తెగి కిందపడటం. మళ్ళీ పుట్టడం, మళ్ళీ అదే. కొన్నాళ్ళకు ఎవరికి వారు ఒక కారణం వెతుక్కుంటారు. అవతలివాడి చేతివేగం ఎక్కువనో, వాడి ఆయుధం మంచిదనో, వాడేదో మోసం చేస్తున్నాడనో అనుకుంటారు. ఈ కారణాలే నోటినోటా పాకి సలహాలైపోయాయి. ఆట మీద ఎంతో ఇష్టంతో వచ్చిన కుర్రాళ్ళు ఆ సలహాలు పట్టుకుని కుస్తీపట్టి, విసిగి వదిలేయడం బాధ కలిగిస్తుంది. ఎందుకంటే ఇంత లోతున్న పోరాట ఆటలు ఎక్కువ లేవు.

స్లొవేనియాకు చెందిన ట్రైటెర్నియన్ అనే చిన్న సంస్థ మోర్డ్‌హౌను 2019 ఏప్రిల్ 29న విడుదల చేసింది. దానికి ముందే, 2012లో, కెనడాలోని టొరంటోకు చెందిన టోర్న్ బ్యానర్ స్టూడియోస్ ‘చివల్రీ: మెడీవల్ వార్‌ఫేర్’ తెచ్చింది. 2021 జూన్‌లో దాని రెండో భాగం వచ్చింది. రెండు సంస్థల ఆటల్లోనూ 64 మంది ఒకే మైదానంలో కొట్టుకోవచ్చు. ఈ ఆటలన్నిటికీ వెన్నెముక ఒక్కటే. ప్రతి దెబ్బకూ మూడు దశలు ఉంటాయి. ఆయుధాన్ని ఎత్తే విండప్, తగిలితే గాయమయ్యే రిలీజ్, తిరిగి కోలుకునే రికవరీ. ఈ క్షణంలో నువ్వు ఏ దశలో ఉన్నావు, వాడు ఏ దశలో ఉన్నాడు అన్నదే పోరు మొత్తం. కొట్టే వంతు ఎవరిదో తెలిసినవాడు గెలుస్తాడు. చేతివేగం మాట ఆ తర్వాతే.

అపోహ: మౌస్ ఎంత వేగంగా తిప్పితే దెబ్బ అంత గట్టిగా పడుతుంది

ఇది పూర్తిగా గాలికబురు కాదు, వేరే ఆట నుంచి వచ్చింది. 2010లో వచ్చిన ‘మౌంట్ అండ్ బ్లేడ్: వార్‌బ్యాండ్’లో వేగానికి విలువుంది. దౌడు తీస్తున్న గుర్రం మీంచి కొట్టిన దెబ్బ, నిలబడి కొట్టినదానికంటే ఎక్కువ నష్టం చేస్తుంది. ఆ అలవాటుతో మోర్డ్‌హౌకు వచ్చినవాళ్ళు మౌస్‌ను విసిరికొడతారు. ఇక్కడ నష్టాన్ని లెక్కకట్టేవి ఏ ఆయుధం, ఏ అవయవం, ఆ అవయవం మీద ఎంత కవచం అన్నవి మాత్రమే. పైగా దెబ్బ రిలీజ్‌లో ఉండగా ఎంత వేగంగా తిరగవచ్చో దానికి ఆటే ఒక హద్దు పెట్టింది. దాన్ని దాటి మౌస్‌ను ఎంత ఝాడించినా లాభం లేదు.

అయితే తిప్పడం వృథా అని కాదు. తిప్పితే మారేది దెబ్బ బలం కాదు, తగిలే సమయం. కుడి నుంచి ఎడమకు వచ్చే వేటులో నువ్వు ఎడమకు తిరిగితే కత్తి తొందరగా చేరుతుంది. దీన్ని యాక్సెల్ అంటారు. కుడికి తిరిగితే అదే వేటు రిలీజ్ చివర్లో తగులుతుంది. ఇది డ్రాగ్. రెండిటికీ మొదలు ఒకేలా కనిపిస్తుంది. అవతలివాడు మొదలు చూసి పారీ (దెబ్బను అడ్డుకోవడం) నొక్కితే ఒకదానికి ఆలస్యమవుతుంది, ఇంకోదానికి ముందే అయిపోతుంది.

ఇక్కడే ‘డ్రాగ్ చేయడం మోసం’ అన్న మాట పుట్టింది. ఆ కోపానికి మూలం పాత చివల్రీలో ఉంది. అందులో కొందరు శత్రువుకు వీపు తిప్పి, బొంగరంలా తిరిగి, తలమీది దెబ్బను వెనకనుంచి వేసేవారు. చూడటానికి అది పోరులా ఉండేది కాదు, నిజమే. కానీ తర్వాత వచ్చిన ఆటల నిర్మాతలు ఈ మెలికను తీసిపారేయకుండా, తిరిగే వేగానికి హద్దు పెట్టి, చూసేవాడికి అర్థమయ్యేలా మలిచి ఉంచారు. అందరికీ ఒకేలా అందుబాటులో ఉండి, ఎదుర్కోవడానికి ఉపాయమున్న పనిని మోసం అనడం న్యాయం కాదు. ఆ ఉపాయం ఏమిటంటే కత్తి మొనను చూడటం మాని, వాడి భుజం ఎటు తిరుగుతోందో చూడటం. భుజం వేటుకు ఎదురు తిరిగితే దెబ్బ ఆలస్యంగా వస్తుంది. అప్పుడు ఆగాలి.

అపోహ: ఫెయింట్‌ను ఆపాలంటే మెరుపు కళ్ళుండాలి

కొత్తవాళ్ళను అన్నిటికంటే ఎక్కువ ఏడిపించేది ఇదే కాబట్టి కొంచెం నిదానంగా చెప్పుకోవాలి. ఫెయింట్ అంటే దెబ్బ ఎత్తి, వేయకుండా దించేయడం. వేటుగా మొదలుపెట్టి పోటుగా మార్చడం మార్ఫ్. ఈ రెండూ విండప్‌లోనే సాధ్యం. దెబ్బ రిలీజ్‌లోకి వచ్చాక వెనక్కి తీసుకోలేరు, మార్చలేరు. అంటే కత్తి పైకి లేచినంతసేపూ నువ్వు చేయాల్సిన పని ఏదీ లేదు. అది నీ వైపు బయలుదేరాకే పారీ నొక్కాలి. చాలామంది చెయ్యి లేవగానే బెదిరి నొక్కేస్తారు, ఆ పారీ ముగిసిన వెంటనే అసలు దెబ్బ వచ్చి పడుతుంది. కబడ్డీలో కూతకొచ్చినవాడు కాలు ఝాడించినప్పుడల్లా ఎగబడే డిఫెండర్‌కు పట్టు దొరకదు, వాడి నడుము మీద కన్నుంచినవాడికే దొరుకుతుంది. ఇదీ అంతే.

ఇంకో మాట. ఫెయింట్ ఉచితం కాదు. ప్రతిసారీ స్టామినా (ఓపిక) ఖర్చవుతుంది. నువ్వు బెదరకుండా నిలబడితే వాడు తన జేబులోంచి డబ్బు తీసి పారేస్తున్నట్టే. రెండు మూడుసార్లు ఉత్తగా దించుకుని విసిగిపోయినవాడు తర్వాతి దెబ్బ నిజంగానే వేస్తాడు. దాన్ని పారీ చేసి వెంటనే రిపోస్ట్, అంటే ఎదురుదెబ్బ, ఇస్తే చాలు. అలవాటుగా ఫెయింట్లు వేసేవాడని తెలిసిపోతే, వాడు దించుకునే సమయంలోనే నువ్వు కొట్టేయవచ్చు. ఇది పందెమే. వాడు ఫెయింట్ చేయకపోతే దెబ్బ నీకే తగులుతుంది. కానీ ఆ భయం వాడి మనసులో ఒకసారి నాటితే మిగతా పోరంతా వాడి చెయ్యి బిగుసుకుంటుంది.

ఛాంబర్ సంగతి కూడా ఇక్కడే. వాడి దెబ్బకు సరిగ్గా అద్దంలా ఎదురు కోణంలో, సరైన క్షణంలో నీ దెబ్బ ఎత్తి వాడిదాన్ని ఆపడాన్ని ఛాంబర్ అంటారు. చూడముచ్చటగా ఉంటుంది. అది రాకపోతే ఆటే రానట్టు కొందరు మాట్లాడతారు. పారీ, రిపోస్ట్ గట్టిగా వచ్చినవాడు ఛాంబర్ ఒక్కటీ లేకుండా మ్యాచ్‌లకు మ్యాచ్‌లు నెగ్గుకొస్తాడు.

అపోహ: ఆపకుండా కొడితే శత్రువుకు ఊపిరి ఆడదు

ఊపిరి ఆడనిది నీకే. మోర్డ్‌హౌలో గాలిలో తప్పిన ప్రతి ఊపుకూ స్టామినా పోతుంది. ఎదుటివాడి దెబ్బ పారీ చేసినా, వాడి ఆయుధం బరువును బట్టి కొంత పోతుంది. స్టామినా అడుగంటిన సమయంలో ఒక దెబ్బను పారీ చేశావా, చేతిలో ఆయుధం ఎగిరిపోతుంది. చివల్రీ 2లోనూ స్టామినా లేకుండా అడ్డుకోబోతే గతి అదే. నెత్తురు కనిపిస్తుంది కాబట్టి అందరూ ఆరోగ్యం గీతను చూసుకుంటారు. నా దృష్టిలో చూడాల్సింది స్టామినా గీతనే. పోరు ఎటు ఒరుగుతోందో అది ముందే చెప్పేస్తుంది.

వంతు మాట మరోసారి చెప్పుకుందాం. నీ దెబ్బను వాడు పారీ చేశాడంటే ఆ క్షణం నుంచి వంతు వాడిది. అప్పుడు నువ్వు మళ్ళీ ఎత్తితే వాడి రిపోస్ట్ నీ విండప్ మధ్యలోనే వచ్చి తగులుతుంది. దెబ్బ తిన్నవాడి ఊపు తెగిపోతుంది కాబట్టి నీది వృథా. అదే నీ ఊపు ఎవరికీ తగలకుండా తప్పిపోతే, కాంబోగా, అంటే దానికి కలిపి, రెండో దెబ్బ మొదలుపెట్టి, దాన్ని ఫెయింట్‌తో దించి, పారీలోకి రావచ్చు. స్టామినా ఖర్చు ఉంది కానీ ప్రాణం దక్కుతుంది. పైస్థాయి ఆటగాళ్ళు ఊరకే తప్పించుకుంటున్నట్టు కనిపించేది ఎక్కువగా ఈ పనివల్లే.

ఇక అడుగులు. శత్రువు ఆయుధం అందే దూరానికి ఒక్క అడుగు బయట నిలబడటం పారీకంటే చవకైన రక్షణ. వాడు ఊపుతాడు, తప్పుతుంది, వాడి స్టామినా తరుగుతుంది, నీది అలాగే ఉంటుంది. నడుముపైకి వచ్చే వేటు కింద నుంచి వంగి తప్పుకోవడమూ ఇందులో భాగమే. డాలు పెట్టుకుని దాని వెనక కదలకుండా కూర్చున్నవాడికి దగ్గరగా వెళ్ళి కాలితో తన్నాలి. కత్తితో కొడుతూ ఉండటం వాడు కోరుకునేదే.

అపోహ: ముగ్గురు చుట్టుముడితే వెనక్కి నడవాలి

వెనక్కి నడిచేవాడి వేగం, ముందుకు పరుగెత్తేవాడి వేగం కంటే తక్కువ. వెనకడుగుతో తప్పించుకోవడం లెక్కప్రకారమే కుదరదు. ఆపైన వాళ్ళు ముగ్గురూ విడివిడిగా విచ్చుకోవడానికి నువ్వే సమయం ఇచ్చినట్టవుతుంది. చేయాల్సింది పక్కకు, గుంపు చివర ఉన్నవాడి వైపు కదలడం. అప్పుడు ఆ ఒక్కడు నీకూ మిగతా ఇద్దరికీ మధ్య గోడ అవుతాడు. వెనకవాడు ఆత్రపడి ఊపితే అది తన మనిషికే తగులుతుంది. ఈ ఆటల్లో సొంతజట్టు దెబ్బలూ గాయం చేస్తాయి. వాళ్ళకూ ఆ భయం ఉంటుంది.

ఇందులో అసలైన మెలకువ ఒకటుంది. ఒకడి దెబ్బను పారీ చేసి, రిపోస్ట్‌ను రెండోవాడి మీదకు తిప్పడం. మొదటివాడు ఎలాగూ నీ జవాబు కోసం కాచుకుని ఉంటాడు. రెండోవాడు తన దెబ్బ సంగతి తప్ప ఇంకోటి ఆలోచించడు. చివల్రీ 2లో రిపోస్ట్ మొదట్లో కాసేపు నీకు అడ్డుగా కూడా పనిచేస్తుంది కాబట్టి ఈ ఎత్తుకు ఇంకా బలం. ఒంటరిగా ముగ్గురి మీద గెలిచినవాళ్ళను చూసి రికార్డింగ్ నిదానంగా తిప్పి గమనిస్తే, వాళ్ళు మొదలుపెట్టిన దెబ్బల కంటే ఇచ్చిన జవాబులే ఎక్కువని తెలుస్తుంది.

అపోహ: బరువైన కవచం, పొడుగాటి ఆయుధం ఉంటే సగం గెలిచినట్టే

మోర్డ్‌హౌ ప్రతి ఆటగాడికీ 16 పాయింట్లు ఇస్తుంది. ఆయుధం, కవచం, అదనపు గుణాలు అన్నీ వాటిలోనే కొనుక్కోవాలి. ఒంటినిండా ఇనుము తొడిగితే నడక మందగిస్తుంది, పైన చెప్పిన ఒక్క అడుగు దూరం నీ చేతిలోంచి జారిపోతుంది. చివల్రీ 2లో బరువైన కవచం తొడిగే నైట్‌కు సుత్తి, గద లాంటి మొద్దు ఆయుధాలే యముళ్ళు.

బరువు గురించి చరిత్రలోనే పెద్ద అపోహ ఉంది, అది ఆటగాళ్ళ బుర్రల్లోకీ ఎక్కింది. మధ్యయుగపు యూరప్ కత్తులు పది కిలోలుండేవని, యోధులు వాటిని ఈడ్చుకుంటూ కొట్టుకునేవారని చాలామంది నమ్ముతారు. రెండుచేతుల లాంగ్‌స్వోర్డ్ బరువు సాధారణంగా కిలోన్నర అటూఇటూ ఉండేది. పూర్తి ప్లేట్ కవచం 15 నుంచి 25 కిలోలు, అదీ ఒళ్ళంతా పంచి ఉండేది. ఫ్రెంచ్ యోధుడు బూసికో శిరస్త్రాణం తప్ప మిగతా కవచమంతా తొడుక్కుని పిల్లిమొగ్గలు వేసేవాడని, 15వ శతాబ్దం తొలినాళ్ళలో రాసిన అతని జీవితకథ చెబుతుంది. కత్తిని అలుగు దగ్గర పట్టుకుని పిడితో మోదడం కూడా ఆట కోసం కల్పించింది కాదు. 1467 నాటి హాన్స్ తాల్‌హోఫర్ బొమ్మల పుస్తకంలో అది స్పష్టంగా ఉంది. ఆ దెబ్బ పేరే ఆటకు పెట్టారు. అంతకుముందే యోహానెస్ లీష్టెనావర్ పరంపరలోని జర్మన్ కత్తిగురువులు పోరును ముందు, తర్వాత, ఆ క్షణంలోనే అని మూడుగా విడదీసి బోధించారు. ఇప్పుడు మనం వంతు అంటున్నది వాళ్ళకు ఆరువందల ఏళ్ళ కిందటే పాఠం.

అపోహ: పింగ్ ఎక్కువైతే నేర్చుకోవడమే దండగ

హైదరాబాద్‌లోనో విశాఖలోనో కూర్చుని దూరదేశపు సర్వర్‌లో ఆడేవాడికి పింగ్‌తో, అంటే సర్వర్‌కు సంకేతం వెళ్ళి వచ్చే ఆలస్యంతో, ఇబ్బంది ఉన్నమాట నిజం. కళ్ళకు కనిపించే దెబ్బ అప్పటికే కొంత దూరం వచ్చేసి ఉంటుంది. కాబట్టి దగ్గరి సర్వర్ ఉంటే అదే ఎంచుకోవాలి. లేకపోతే మెరుపు పారీలమీద ఆధారపడే ఆట మాని, దూరం, స్టామినా, భుజం కదలిక చదవడం మీద ఆట కట్టుకోవాలి. ఇవి పింగ్‌తో అంతగా చెడిపోవు.

సాధన ఎక్కడ చేయాలన్నదానికి డ్యుయల్ సర్వర్ అని అందరూ అంటారు. ఒకరితో ఒకరు తలపడటం ఎదుటివాణ్ణి చదవడం నేర్పుతుంది, చుట్టూ చూడటం నేర్పదు. దానికి 64 మంది మైదానమే కావాలి. ఒక స్నేహితుడు దొరికితే ఇద్దరూ ఖాళీ సర్వర్‌లో ఒక పని చేయండి. ఒకరు ఫెయింట్, డ్రాగ్, మామూలు దెబ్బ కలిపి కొడుతూ ఉండాలి, రెండోవారు అసలు కొట్టకుండా పారీ ఒక్కటే చేయాలి. కాసేపయ్యాక మారండి. కొట్టాలన్న ఆత్రం పక్కనపెట్టిన మొదటిరోజే, ఎన్ని పారీలు ఉత్తపుణ్యానికి ముందే నొక్కేస్తున్నారో మీ కళ్ళకే కనిపిస్తుంది.